పాపం గద్దది, పేరు మనది

పెరట్లో నాటుకోళ్లు పెంచాలన్న కోరిక అందరికీ ఉంటుంది. పెంచే ఓపిక ఎవరికీ ఉండదు. ఓపిక లేకుండానే కోరిక తీర్చుకునే పద్ధతి కింద వివరంగా ఇస్తున్నాను. వరస తప్పకుండా పాటించండి. నెల తిరిగేసరికి పిల్లల కిచకిచలు పూర్తిగా సద్దుమణుగుతాయి. తెల్లవారుజామున లేచి గంప ఎత్తే పని తప్పుతుంది. అయినా ఊళ్లో మీకు "ఎంత ప్రాణంగా చూసుకున్నారో పాపం" అన్న పేరు మిగులుతుంది. కావలసిన సరంజామా కొంచెమే: ఒక పెట్ట, ఒక గంప, మాట నమ్మే ఇరుగుపొరుగు.

1. పొదగేసేటప్పుడు పిసినారితనం వద్దు.

నాటుపెట్ట ఒంటి కింద పది, పన్నెండు గుడ్లకు మించి పట్టవు. మీరు ఇరవై పెట్టండి. పెట్ట రోజూ గుడ్లను ముక్కుతో దొర్లిస్తూ అంచున ఉన్నవాటిని లోపలికి, లోపలివాటిని అంచుకు మారుస్తుంటుంది. ఇరవై ఉంటే ప్రతి గుడ్డుకీ ఏదో ఒక పూట చలి తగిలే అవకాశం సమానంగా దక్కుతుంది.

ఇంకా శ్రమ తగ్గాలంటే కిరాణా కొట్లో ముప్పై గుడ్ల అట్ట కొని అవే పొదగేయండి. లేయర్ ఫారాల్లో పెట్టలే తప్ప పుంజులుండవు. ఆ గుడ్డులోంచి బ్రహ్మదేవుడు పిలిచినా పిల్ల రాదు. పెట్ట 21 రోజులు తిండి తగ్గించుకుని, ఒళ్లు కరిగించుకుని కూర్చుంటుంది. చివర్లో మీరు తల పంకించి "ఈ కోడికి చెయ్యి మంచిది కాదండీ" అంటే సరిపోతుంది. కోడికి చెయ్యెక్కడిదని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

2. గుడ్ల మీద గుర్తులు పెట్టకండి.

పొదగేసిన గుడ్లకు బొగ్గుతో గీత గీసి, తరవాత పెట్టినవాటిని ఏ రోజుకారోజు తీసేసుకునే చాదస్తులు ఇంకా ఉన్నారు. మీరు మాత్రం రోజూ ఒక గుడ్డు కొత్తగా చేర్చండి. మధ్యలో నాలుగు బాతుగుడ్లు కూడా పడెయ్యండి. బాతుగుడ్డుకు 28 రోజులు కావాలి, కోడిగుడ్డుకు 21 చాలు. ముందు లేచిన పిల్లల ఒళ్లు ఆరగానే ఒకటి రెండు రోజుల్లో తల్లి వాటిని వెంటేసుకుని మేతకు బయల్దేరుతుంది. లోపల కదులుతున్న పిల్లలతో సహా మిగతా గుడ్లు గూట్లో చల్లబడిపోతాయి. వాటిని మురిగిన గుడ్లని ప్రకటించండి. ఏడో రోజు చీకట్లో గుడ్డు వెనక టార్చి వేసి ఎర్రటి నరాలు ఉన్నాయో లేవో చూడవచ్చు గానీ, చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

3. పిల్ల గుడ్డు పగలగొడుతుంటే సాయం పట్టండి.

పెంకుకు మొదటి చిల్లు పడ్డాక పిల్ల పూర్తిగా బయటికి రావడానికి ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. ఆ వ్యవధిలో పెంకు లోపలి పొరలోని నెత్తురు వెనక్కి వెళ్లి, మిగిలిన పచ్చసొన పిల్ల పొట్టలోకి చేరుతుంది. అంతసేపు కూర్చుని చూడ్డం మీవల్ల కాదు. గోటితో పెంకు ఒలిచి పిల్లను లాగెయ్యండి. నెత్తురు కనిపిస్తే కంగారు పడకండి, ఇకనుంచి మీరు వైద్యులు.

ఆ పచ్చసొన పుణ్యాన పుట్టిన పిల్ల రెండు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది. ఈ ఒక్క శాస్త్రీయ సత్యాన్ని బట్టీ పట్టండి. వారమంతా ఇదే చెప్పి నూకలు చల్లకుండా నెట్టుకు రావచ్చు.

4. గూట్లో నున్నటి న్యూస్‌పేపరు పరవండి.

ఊకో పొడి ఇసుకో పరిస్తే పిల్లకు కాళ్లు నిలదొక్కుకునే పట్టు దొరుకుతుంది. న్యూస్‌పేపరు మీద కాళ్లు చెరోవైపు జారి, చివరికి పిల్ల పొట్ట మీద పాకుతుంది. మొదటి రెండు రోజుల్లోనే రెండు కాళ్లనూ మామూలు ఎడంలో ఉంచి మెత్తటి టేపు ముక్కతో కలిపి కడితే చాలావరకు సర్దుకుంటుంది. అది అర నిమిషం పని. అందుకే వాయిదా వెయ్యండి. పెద్దయితే అదే సర్దుకుంటుందనండి. పేపరు ఎందుకు పరిచారని అడిగితే పిల్లలకు లోకజ్ఞానం కోసమనండి.

5. దెబ్బ తగిలిన పిల్లను గుంపులోనే ఉంచండి.

ఈ చిట్కా ఒక్కటి సరిగ్గా పాటిస్తే మిగతావి అక్కర్లేదు, కాబట్టి నిదానంగా చెబుతాను.

కోడిపిల్లకు దెబ్బ తగలడానికి దారులు బోలెడు. గూటి తలుపు పడుతుంది. పక్కింటి పెట్ట నెత్తి మీద పొడుస్తుంది. గద్ద గోరు వీపు మీద గీరుకుపోతుంది. తల్లికోడి తొక్కితే పిల్ల చస్తుందా అంటారు గానీ, రెండు తల్లికోళ్లు కొట్టుకుంటూ తొక్కితే కాలు విరుగుతుంది. దెబ్బ ఎలా తగిలినా తరవాతి కథ ఒక్కటే. కోళ్లకు ఎరుపు కనిపిస్తే ముక్కు ఊరుకోదు. ఒకటి పొడుస్తుంది. చర్మం చిట్లి ఇంకాస్త ఎర్రనవుతుంది. రెండోది వస్తుంది. సాయంత్రానికి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిసి పని ముగిస్తారు. మీరు వేలు కదపనక్కర్లేదు.

అనుభవం లేనివాళ్లు ఏం చేస్తారంటే, దెబ్బ తగిలిన పిల్లను వెంటనే వేరు చేసి, అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, తోడు కావాలని మరో నెమ్మదైన పిల్లను పక్కన పెట్టి, గాయం మానాక మళ్లీ గుంపులో కలుపుతారు. ఊదారంగు మందు పూసి ఎరుపు కనపడకుండా కప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఇవన్నీ పిల్ల బతకడానికి దారి తీస్తాయి. మీరు అటకమీద పాత డబ్బాలో మిగిలిన ఎర్ర మందు వెతికి పుష్కలంగా పూయండి. పూసి నడి గుంపులో వదిలి, "కుటుంబంలో ఉంటేనే త్వరగా కోలుకుంటుంది" అని పిల్లలకు చెప్పండి. వాళ్లు వింటారు.

6. వైద్యం చేసేటప్పుడు ఇంట్లో అందరి సలహా తీసుకోండి.

గోరువెచ్చటి ఉప్పునీళ్లతో గాయం కడిగి, మట్టీ ఈకలూ తీసేసి, పసుపో అయొడిన్ మందో రాసి ఊరుకుంటే అయిపోతుంది. ఆ పనికి కుటుంబ సభ ఎందుకు? అదే పేడ అని అత్తగారు, సున్నమని మామగారు, కిరోసిన్ అని బావమరిది, టూత్‌పేస్ట్ అని పెద్దబ్బాయి అన్నారనుకోండి, ఎవరి మనసూ నొప్పించకుండా అన్నీ రాయండి. పేడ వాసనకు ఈగలు వస్తాయి. వానాకాలంలో అయితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. పురుగులు పడ్డాక ఎవరి మందు పనిచెయ్యలేదన్న దాని మీద వారం రోజులు మాట్లాడుకోవచ్చు. ఇల్లు కళకళలాడుతుంది.

కాలు విరిగితే రెండు వైపులా చీపురుపుల్ల ముక్కలు పెట్టి, దూది చుట్టి, వదులూ బిగువూ కాకుండా కట్టాలంటారు. మీరు దూది మానేసి నైలాన్ దారంతో బిగించండి. వేళ్లు నల్లబడితే కట్టు పట్టు పట్టిందన్నమాట.

పిల్ల నీరసంగా ఉందని తోచగానే నోరు తెరిచి చెంచాతో నీళ్లు పొయ్యండి. ముక్కు కొసను నీళ్లలో ముంచితే తనే గుటకవేస్తుంది, కానీ అందులో మన ప్రేమ ఎక్కడ కనిపిస్తుంది? చెంచా నీళ్లలో సగం ఊపిరిగొట్టంలోకి పోతాయి. పిల్ల రెండుసార్లు తల విదిలిస్తుంది. "ఆఖరి గుక్క నా చేతి మీదుగానే తాగింది" అని చెప్పుకునే అదృష్టం అందరికీ రాదు.

7. వెచ్చదనం విషయంలో మొహమాటపడకండి.

మొదటి వారం పిల్లలకు సుమారు 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి, ఆ తరవాత వారానికి 5 డిగ్రీలు తగ్గించుకుంటూ పోవచ్చు. తల్లి రెక్కల కింద ఆ వేడి ఉచితంగా దొరుకుతుంది. తల్లి లేని పిల్లకు బల్బు కడతారు. వేడి ఎక్కువైతే పిల్ల పక్కకు జరుగుతుంది, తక్కువైతే బల్బు కిందికి వచ్చి ముడుచుకుంటుంది. అంటే మీకు థర్మామీటరు కూడా అక్కర్లేకుండా పిల్లే చెబుతుంది. ఈ సంభాషణ జరగకుండా చూడాలంటే పక్కకు జరగడానికి చోటు లేని చిన్న పెట్టె వాడండి. లేదా ఫ్యాను వెయ్యండి. చల్లబడ్డ పిల్లకు ముందు ఒళ్లు వెచ్చబెట్టి ఆ తరవాతే మేత పెట్టాలన్న నియమాన్ని తిరగేసి పాటించండి.

కరెంటు పోయిందన్న సాకు ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. కరెంటు పోకపోయినా పనికొస్తుంది.

8. తల్లికోడిని తాడేసి రాటకు కట్టండి.

గద్ద నీడ పడగానే తల్లి ఒక రకంగా అరుస్తుంది. పిల్లలు పరుగెత్తి రెక్కల కింద దూరతాయి, లేదంటే ఉన్నచోటే నక్కుతాయి. పోయిన పిల్లను గద్ద ఖాతాలో వేసే మన సాకుకు ఇదే పెద్ద అడ్డంకి. తల్లిని నడి వాకిట్లో జానెడు తాడుతో కట్టేస్తే పిల్లలు మాత్రం పెంటకుప్ప దాకా, అక్కణ్ణుంచి కాలువగట్టు దాకా పోతాయి. తల్లి అరుపు వాటికి అందేలోగా కథ ముగుస్తుంది. మధ్యాహ్నం కునుకు తియ్యడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

మన ఊళ్లలో పిల్లలకు గులాబీరంగు పులమడం చూసే ఉంటారు. గద్దకు అనుమానం తగిలి వదిలేస్తుందని నమ్మకం. మీరు సున్నం పూయండి. తెల్లటి పిల్ల పచ్చగడ్డి మీద ఎంత ఎత్తునుంచైనా స్పష్టంగా కనిపిస్తుంది. పక్షులకు కూడా మనం కాస్త సాయపడాలి.

కంపతో చిన్న దడి కట్టి, పైన పాత చేపల వల పరిస్తే గద్దా కాకీ రెండూ రావు. వల అటకమీద ఉంది. నిచ్చెన ఎదురింటి పిన్నిగారి దగ్గర ఉంది. అడిగితే ఇస్తారు. అడగకండి.

9. కొత్త పిల్లల్ని తల్లికి పట్టపగలు పరిచయం చెయ్యండి.

వనరాజా, గ్రామప్రియ అని మేలురకం పిల్లలు దొరుకుతాయి. హైదరాబాదులో రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసిన రకాలు. వాటి పెట్టలు గుడ్లు బాగా పెడతాయి గానీ పొదుగు మీద కూర్చోవడం అరుదు. అందుకని తెలివైనవాళ్లు ఒకటి రెండు రోజుల వయసు పిల్లల్ని తెచ్చి, నాటుపెట్ట తన పిల్లల్ని లేపిన రోజుల్లోనే, రాత్రి చీకట్లో ఒక్కొక్కటిగా దాని రెక్కల కిందికి తోస్తారు. తెల్లారేసరికి అన్నీ తనవే అనుకుంటుంది.

చీకట్లో చేసే పనులు మర్యాదస్తులకు తగవు. మీరు పది గంటల ఎండలో, వీధి పిల్లలందరినీ పిలిచి, రెండు వారాల వయసొచ్చిన పిల్లల్ని పెట్ట ముందు ఒకేసారి గుమ్మరించండి. అది నెత్తుల మీద వరసగా పొడుస్తుంది. అప్పుడు 5వ చిట్కా దగ్గరికి వెళ్లండి.

ఇద్దరు తల్లులుంటే ఒకే గంప కింద మూసెయ్యండి. గంప ఖర్చు మిగులుతుంది.

10. నీళ్లకు లోతైన పాత్ర పెట్టండి.

పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తే నిమ్మకాయంత పిల్ల కూడా ముక్కు ముంచి తాగిపోతుంది. సగం నిండిన బకెట్టే నయం, రోజుకు మూడుసార్లు నింపే బాధ ఉండదు. బాతుగుడ్లు కూడా కలిపారు కదా, ఏది బాతో ఏది కోడో మొదటి రోజే తేలిపోతుంది.

మేతకు పిండివంటలు మిగిలితే వెయ్యండి, పచ్చడి మిగిలితే వెయ్యండి. పాత కుండలో పేడా తడిగడ్డీ పెట్టి బోర్లిస్తే చెదలు పట్టి పిల్లలకు బలమైన తిండి అవుతుందని ముసలివాళ్లు చెబుతారు. నిజమే. పైసా ఖర్చు లేదు కాబట్టి దానికి విలువ లేదు.

11. టీకా చుక్కల వాళ్లు వస్తే ఇంట్లో లేననండి.

కొక్కెర తెగులుకు రాణీఖేత్ అని పేరు. అది ఉత్తరాఖండ్ కొండల్లో ఉన్న ఊరు. అక్కణ్ణుంచి మీ పెరటికి రావాలంటే ఎన్ని రైళ్లు మారాలో లెక్క వేసుకుని నిశ్చింతగా పడుకోండి. 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క ఒకటి, 8 వారాల నాటికి ఆర్‌టూబీ సూది ఒకటి వేయించాలంటారు. లసోటా సీసా ఒక్కటి కొంటే వంద కోళ్లకు సరిపోతుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. మీకున్నవి ఎనిమిది. కాబట్టి దండగ. వీధిలో పదిళ్లవాళ్లు కలిసి ఒకేరోజు వేయించుకోవచ్చన్న ఆలోచన ఎవరికైనా వస్తే, వెంటనే పాత గట్టు తగాదా ఒకటి గుర్తుచెయ్యండి.

మెడ వంకర తిరిగి, పచ్చగా పారుకుని, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఆ కోడిని ఆ రోజే సంతకు తీసుకెళ్లండి. మెడ అలా ఎందుకుందని అడిగితే "కొత్త మనుషుల్ని చూసి సిగ్గు" అనండి. సంతలో పది ఊళ్ల కోళ్లుంటాయి. మన పెరట్లో వచ్చిన కష్టం మన ఒక్కరిదే కాకుండా పోతుంది.

1962కి ఫోన్ చేస్తే పశువైద్యుల వాహనం వస్తుందని ఎవరో ఒకరు అంటారు. గేదెలకు వచ్చే బండిని కోడిపిల్లకు పిలిస్తే పరువు పోతుందని తేల్చెయ్యండి. ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉంటే అది భోజన విరామంలో మూసి ఉన్నప్పుడే వెళ్లండి. వెళ్లానని చెప్పుకోవచ్చు.

12. చచ్చిన పిల్లను గోడ దాటించండి.

లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడిస్తే కుక్కలు తవ్వవు, తెగులు పాకదు. గునపం బరువు. గోడ తక్కువ ఎత్తు. ఇక కాలువ ఉన్న ఊరైతే చెప్పేదేముంది, మీ పిల్ల కింది ఊరివాళ్ల తాగునీటి సమస్యగా మారి మీ జాబితాలోంచి తప్పుకుంటుంది.

13. సాకుల్ని ముందే పంచిపెట్టుకోండి.

అందరికీ ఒకే సాకు చెప్పడం పసితనం. ఎదుటివాళ్లను బట్టి మార్చాలి. పిల్లలకు గద్ద. అత్తగారికి దిష్టి. ఆవిడ తనే ఎదురింటి ఆవిడ పేరు చెప్పి మీ పని పూర్తి చేస్తుంది. ఎదురింటి ఆవిడకు మీ అత్తగారు రాసిన పేడ. నాన్నగారికి హైబ్రిడ్ మేత, అక్కణ్ణుంచి ఆయన ఎరువులూ రాజకీయాలూ అందుకుంటారు. పశువుల డాక్టరుకు కరెంటు కోత. రాత్రిపూట జరిగిన నష్టాలకు బావురుపిల్లి, ముంగిస, పాము అని మూడున్నాయి. వరసగా రెండు రాత్రులు ఒకే జంతువును వాడకండి.

అయితే గద్దకు నెలకు ఇన్నని ఒక పరిమితి పెట్టుకోండి. ఎనిమిది పిల్లల్నీ గద్దే ఎత్తుకుపోయిందంటే ఎవరో ఒకరు ఆకాశం వైపు చూస్తారు.

ఎదురు దెబ్బలకు తయారుగా ఉండండి. "తాడు ఎవరు కట్టారు?" అని అడిగితే "కట్టొద్దని అన్నాను" అనండి. ఎవరితో అన్నారో చెప్పనక్కర్లేదు.

14. పిల్లలు పోయిన తల్లిని కుదురుగా ఉండనివ్వకండి.

పిల్లలు లేకుండా పోయాక పెట్ట కొన్నాళ్లకు మళ్లీ గుడ్లు పెడుతుంది. గుడ్లు చాలినన్ని పోగవగానే మళ్లీ పొదుగుకు కూర్చుంటానంటుంది. ఎంత మొండి జీవమో చూడండి. పొదుగు మాన్పాలంటే కింద గాలి ఆడే వల అడుగున్న బోనులో, మేతా నీళ్లూ ఇచ్చి నాలుగైదు రోజులు ఉంచితే చాలు, పొట్ట చల్లబడి అదే మరిచిపోతుంది. ఇందులో వినోదం లేదు. నీళ్ల తొట్టిలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం అని పాత పద్ధతులున్నాయి, వీధంతా చూడ్డానికి వస్తుంది. రెండూ చెయ్యండి. ఆ తరవాత పెట్ట మిమ్మల్ని చూడగానే దడి దూకి పక్క పేటలో గుడ్లు పెట్టడం మొదలెడుతుంది. మేత మనది, గుడ్లు వాళ్లవి. ఇక్కడ మీకు పక్క పేటవాళ్ల మీద కోపం తెచ్చుకునే హక్కు వస్తుంది, వృథా చెయ్యకండి.

15. మిగిలిన ఒక్క పిల్లను బావమరిదికి ఇచ్చెయ్యండి.

ఎంత జాగ్రత్తగా చేసినా ఒకటి మిగులుతుంది. పాకుతూ, కుంటుతూ, ఎర్రమందు అంటిన వీపుతో గాదె కింద పురుగులేరుకుని బతికేస్తుంది. దాన్ని చూసి నిరాశపడకండి. సంక్రాంతికి రెండు నెలల ముందు శుభ్రంగా తుడిచి, బుట్టలో పెట్టి, "డేగ జాతి, భీమవరం బాపతు, పందేనికి తిరుగుండదు" అని చెప్పి ఇవ్వండి. కుంటి కాలు పాత పందెంలో తగిలిన దెబ్బ అనండి. ఇంకా ఎదగని పిల్ల పందెం ఎప్పుడు ఆడిందని అడిగేంత తెలివి బావమరిదికి ఉంటే కిరోసిన్ సలహా ఇచ్చేవాడు కాదు.

బాదంపప్పూ గుడ్డుతెల్లసొనా పెట్టి అతను మేపుతాడు. జనవరి రెండో వారంలో అది గుడ్డు పెడుతుంది. ఫోన్ వస్తుంది. ఎత్తండి. "మేము ఇచ్చినప్పుడు పుంజే, నీ మేతలో ఏదో తేడా ఉంది" అనండి.